రాతి పొరలు, రంగుల పొరలు

రాయలసీమ శిల్పుల చరిత్ర: ఏడవ భాగము

కోయిలకుంట్ల నల్లరేగడి చేలను దాటి, అవుకు, బనగానపల్లె దారులవెంట నాపరాతి గనులవైపు సాగిపోవు బాటసారికి దూరమునుండియే వినవచ్చునది సుత్తిదెబ్బల చప్పుడు. ఆ చప్పుడులో ఒక లయ యున్నదని తెలిసికొనుటకు మాత్రము కొంతసేపు నిలిచి వినవలెను. బండ తీయువాడు మొదట రాతిని కొట్టడు, తట్టును. తట్టి, చెవియొగ్గి, కంగుమని పలికిన చోటును డొల్లగా పలికిన చోటును మనసున నిలుపుకొని, పొరకును పొరకును నడుమ మన కంటికి కానరాని సందును కనిపెట్టి, అచ్చట ఉలి నానించి, వరుసగా, తొందరపడక కొట్టుచు పోవును. కొంతసేపటికి తాటాకుల పొత్తమునుండి ఒక ఆకు విడివడినట్లు ఒక బండ నేలనుండి విడివడి పైకి లేచును. భూగర్భశాస్త్రజ్ఞులు కర్నూలు శిలాసముదాయమును వర్గీకరించినపుడు అందొక సున్నపురాతి శ్రేణికి మన కోయిలకుంట్ల పేరే పెట్టిరి. మన కుందేటి పేరు కూడ ఆ శాస్త్రమున నిలిచియున్నది. ఇంటి నేలకును, వసారా అరుగుకును, పశువుల కొట్టమునకును బండలే పరచుకొను మనకు, రాయి యనగా ఒకే ముద్ద కాదనియు, పొరమీద పొరగా పేరుకొన్నదనియు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ మాట ముందుగా ఎత్తుకొనుటకు కారణము కలదు. గత భాగమున మనము ఆళ్లగడ్డ విగ్రహశిల్పుల వీధిలో తిరిగితిమి. తరతరములుగా దేవతామూర్తులను చెక్కు వారి చేతిపనితనమును చూచితిమి. ఈ భాగమున చెప్పబోవు మహనీయుడు ఈ సీమకు దక్షిణపు కొసన, చిత్తూరు దగ్గరి నందనూరు అను పల్లెలో పుట్టి, లండను, పారిసు, మిలాను, న్యూయార్కు నగరములలో జీవితమును గడపి, ఆధునిక కళాచరిత్రలో ఒక నూతన ముద్రణవిధానమునకు కారకులలో ఒకడైన కృష్ణారెడ్డి. లోకము ఆయనను ముద్రణచిత్రకారుడనియే కొనియాడుచున్నది; ఆయన చిత్రములను చూచినకొలదియు నాకు కలిగిన నిశ్చయము వేరు. ఆయన తుదివరకు శిల్పియే. ఉలి పట్టిన చేయి రాతినుండి లోహఫలకము మీదికి జరిగినది, అంతియే. రాతి పొరలను చదువు మన గనికూలీకి ఏ దృష్టి యున్నదో, జింకు ఫలకమును చదువుటలో కృష్ణారెడ్డికి ఆ దృష్టియే యుండెను.

ఆయన 1925 జూలై 15వ తేదీన జన్మించెను. అప్పటి మద్రాసు రాజధానిలోని చిత్తూరు జిల్లా పల్లెనుండి వంగదేశపు శాంతినికేతనమునకు ఒక బాలుడు చదువుకొనబోవుట నేడు మనకు తోచునంత విడ్డూరము కాదు. రవీంద్రుడు 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి, జనగణమన గీతమును తానే ఆంగ్లమున వ్రాసియిచ్చినది మొదలు, ఆ ప్రాంతమునకు శాంతినికేతనపు పేరు దూరపు పేరు కాదు. కృష్ణారెడ్డి శాంతినికేతనపు కళాభవనమున చదివినది 1940ల తొలి అర్ధభాగమున. అనగా రవీంద్రుని తుదిదినములును, ఆయన గతించిన పిమ్మటి దినములును కలిసిన సంధికాలమున, చుట్టును యుద్ధము, క్విట్ ఇండియా ఉద్యమము, 1943 నాటి వంగక్షామము చెలరేగుచుండగా.

అచ్చటి గురువులు నందలాల్ బోసు, వినోదబిహారి ముఖర్జీ, రామకింకర్ బైజు. నందలాలు ప్రకృతిని నిలువునా పరిశీలింపుమని నేర్పువాడు. చెట్టు బొమ్మ వేయుటకు ముందు చెట్టు పెరుగు తీరును తెలిసికొనవలెనన్నది ఆ పాఠశాల శాసనము. కృష్ణారెడ్డి తరువాతి చిత్రములలో విత్తనము పగులుటయు, మొలక నేలను త్రోసికొనివచ్చుటయు, పూవు విచ్చుకొనుటయు మాటిమాటికి కనబడుటకు మూలము ఇచ్చటనే యున్నది. రామకింకరుడు నేర్పినది మఱియొకటి. పాలరాతికిని కంచునకును డబ్బు లేని ఆ పేదశిల్పి సిమెంటును, ఎఱ్ఱమట్టి గులకరాళ్లను కలిపి ముద్దలుగా విసరి, 1938లో సంతాలు కుటుంబమును ఆరుబయట నిలిపెను. భార్యాభర్తలు, బిడ్డ, కుక్క, కావడిలోని సామానులు, బ్రతుకుతెరువునకై నడచిపోవు కాళ్లు: ఏ రాజునకును గాక కూలిజనమునకు నిలిపిన ఆ నిలువెత్తు శిల్పమునే మన దేశపు ఆధునికశిల్పమునకు ఆరంభమని చెప్పుట పరిపాటి, అది న్యాయమే. ప్రతిదినమును దాని ముందునుండి నడచిపోయిన విద్యార్థికి, శిల్పమనగా గర్భగుడిలోని ప్రతిమయో, కూడలిలోని దొరగారి విగ్రహమో మాత్రమే కాదని ఎవరును వేరుగా బోధింపవలసిన అవసరముండదు.

1947 మొదలు రెండేండ్లు ఆయన మద్రాసు అడయారులో రుక్మిణీదేవి అరండేల్ నెలకొల్పిన కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు అధిపతిగా నుండి, మాంటిసోరీ ఉపాధ్యాయ శిక్షణాలయమున కూడ పాఠములు చెప్పెను. శిల్పమువైపు ఆయన మనస్సు గట్టిగా మరలినది అప్పుడే. మదనపల్లెయందే జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి తలపులు ఆయనపై చూపిన ప్రభావమును గూర్చి విస్తరించి వ్రాయవచ్చును గాని, మన ప్రకృతాంశము రాయి కనుక ముందునకు పోదము.

1949లో లండను చేరి స్లేడ్ కళాశాలలో విద్యార్థియై, హెన్రీ మూర్ మార్గదర్శనమున శిల్పము నేర్చెను. అచ్చటినుండి పారిసునకు పోయి, వృద్ధుడైన బ్రాంకూసి పరిచయమును, ఆ నగరపు కళాకారులు కూడుకొను కాఫీశాలల గోష్ఠులను సంపాదించి, గ్రాండ్ షోమియేర్ అకాడమీలో ఓసిప్ జాడ్కిన్ వద్ద శిష్యుడుగా చేరెను. ఈ గురువును గూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. 1940 మే నెలలో జర్మను విమానములు హాలెండులోని రాటర్‌డామ్ నగరపు నడిబొడ్డును నేలమట్టము చేయగా, జాడ్కిన్ ఆ దుఃఖమునకు స్మారకముగా ఒక కంచుమూర్తిని రచించెను. అది 1953లో ఆ నగరమున ప్రతిష్ఠింపబడెను. రెండు చేతులును ఆకసమునకెత్తి ఆక్రోశించు ఆ మనిషికి రొమ్మునుండి కడుపువరకు ఉండవలసినచోట ఏమియు లేదు, గాలి దూరిపోవు రంధ్రమే యున్నది. మూర్ శయనమూర్తులలోను ఇట్టి శూన్యము కలదు. శిల్పి తీసివేసిన దానికి, ఉంచిన దానితో సమానమైన అర్థము కలదని ఈ ఇరువురు గురువులు ఆయనకు నేర్పిరి. ఆ పిమ్మట మిలాను నగరపు బ్రేరా అకాడమీలో, గుఱ్ఱమును రౌతును పదేపదే మలచిన మారీనో మారీనీ వద్ద మఱికొంతకాలము చదువు సాగెను. ముగ్గురును యూరపులో ఆనాటి మేటి శిల్పులు. నందనూరు బిడ్డకు లభించిన గురుపరంపర ఇది.

పారిసునందే ఆయన ఒక విచిత్రమైన కర్మశాలలో కాలు మోపెను. స్టాన్లీ విలియమ్ హేటర్ అను ఆంగ్లేయుడు 1927లో స్థాపించిన ఆ శాల, ఒకప్పుడు తానున్న యింటి అంకెనుబట్టి అతెలియే 17 అని పేరు పొందినది. పికాసో, మిరో, జకొమెట్టి వంటివారు అచ్చట ఫలకములపై పనిచేసినవారే. యుద్ధకాలమున న్యూయార్కునకు తరలిపోయిన హేటర్ 1950లో పారిసునకు మరలివచ్చెను. అచ్చట గురువు వేఱు, శిష్యుడు వేఱు అను కట్టడి లేదు. ఎవరికి తోచిన ప్రయోగము వారు చేయవచ్చును, ఫలితమును అందఱును పంచుకొనవలెను.

అచ్చట ప్రధానమైన విద్య ఇంటాగ్లియో, అనగా నిమ్నముద్రణము. దీనిని మన పల్లెవారికి వివరించుట నాకు కష్టము కాదు. నా చిన్నతనమున కోయిలకుంట్ల వీధులలో ‘తిరుగలికి కక్కు కొడతాం’ అని కేకవేయుచు ఉలి, సుత్తి భుజాన వేసికొని తిరుగువారుండిరి. విసరి విసరి నునుపెక్కిన తిరుగలి గింజను పట్టదు. కక్కు కొట్టి గరుకు చేసిననే పట్టును. లోహఫలకము కథయు ఇంతియే. నున్నని రేకు సిరాను నిలుపుకొనదు; బ్యూరిన్ అను చిన్న ఉలితో గీచిననేమి, ఆమ్లముతో కొఱికించిననేమి, గంటు పడినచోటనే సిరా నిలుచును. గంటులలో సిరా నింపి, పైభాగమును గుడ్డతో తుడిచి, తడి కాగితము పఱచి యంత్రమున నొక్కినచో, లోతులలోని సిరా కాగితమున కెక్కును. కడప జిల్లా కలమళ్లలో దొరకిన తొలి తెలుగు శాసనము వంటి రాతిరాతలకు పండితులు తీయు అచ్చు ఇందుకు సరిగా వ్యతిరేకము: వారు తడి కాగితమును గంటులలోనికి కొట్టి దించి పైన సిరా నద్దుదురు కనుక అక్షరములు తెల్లగా, నేల నల్లగా వచ్చును. ఇచట లోతే పలుకును.

ఇంతవరకు అది ఒక రంగు ముచ్చట. రెండు మూడు రంగులు కావలెనన్నచో రంగునకొక ఫలకము చెక్కి, ఒకే కాగితమును మూడుమార్లు యంత్రమున పెట్టి, గీతకు గీత తప్పకుండ సరిపెట్టుకొనవలెను. శిల్పికి ఈ పద్ధతి రుచింపకుండుట సహజము: ఒక మూర్తిని మూడు రాళ్లలో చెక్కి అతికించినట్లుండును. ఫలకము ఒక్కటియే కావలెను, రంగులన్నియు ఒక్కసారియే రావలెను అన్న తపనతో హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయివాడైన కైకో మోతీ మొదలైనవారు 1950లలో చేసిన ప్రయోగములనుండి స్నిగ్ధతాముద్రణ మన్న విధానము వెలువడినది. సిరాలో అవిసెనూనె ఎంత కలిపితే అంత పలుచనగును, తగ్గించినకొలది చిక్కనగును. ఈ చిక్కదనపు తారతమ్యమే స్నిగ్ధత. పలుచని సిరా పూసిన తావున చిక్కని సిరా అంటదు. రాగిసంగటి ముద్ద కట్టు తల్లి ముందుగా అరచేయి తడిచేసికొనుటలో నున్న రహస్యమే ఇది. తడిచేతికి ముద్ద అంటుకొనదు, ముద్ద ముద్దగానే యుండును.

ఇప్పుడు ఫలకమున మిట్టయు పల్లమును ఉన్నవనుకొనుడు. పలుచని సిరాను గట్టి రోలరుతో దొర్లించినచో అది మిట్టలను మాత్రమే తాకి పోవును. ఆ వెనుక చిక్కని సిరాను మెత్తని రోలరుతో గట్టిగా నొక్కి దొర్లించినచో, ఆ మెత్తదనము పల్లములలోనికి దిగి అచ్చట రంగు దింపును. మిట్టలపై ముందే యున్న పలుచని సిరా దానిని త్రోసిపుచ్చును. గంటుల అడుగున మొదటనే నింపియుంచిన సిరా సరే సరి. మిట్టకొక రంగు, పల్లమునకొక రంగు, అట్టడుగునకొక రంగు: ఒక్క ఫలకము, ఒక్క అచ్చు. అంతియేకాదు, రంగులు ఒకదానిప్రక్క ఒకటి చుక్కలు చుక్కలుగా పడుటవలన కంటిలో కలిసి, ఏ డబ్బాలోను లేని క్రొత్త వన్నెలు పుట్టును.

ఈ విధానమును హేటర్ పేరనే చలామణి చేయు గ్రంథములు కొన్ని కలవు. మనవాడొక్కడే కనిపెట్టెనని చెప్పుకొను అభిమానులును కలరు. పదిమంది ఒకే బల్లచుట్టు చేసిన పనిలో ఇది నాది, అది నీది అని గీతలు గీయుట ఆ కర్మశాల ధర్మమునకే విరుద్ధము కనుక నేనా వివాదమునకు పోను. కాని, ఒక్కటి మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. ఇతరులు ఆ రసాయనమును రంగులకొఱకు వాడుకొనిరి. కృష్ణారెడ్డి లోతుకొఱకు వాడుకొనెను. చేతియుళ్లు, గీకుడు కత్తులు, ఆమ్లము, యంత్రపు పనిముట్లు కూడ చేపట్టి ఆయన జింకు ఫలకమును మెట్లు మెట్లుగా, లోయలు లోయలుగా తొలిచెను. రంగులేని ఆ ఫలకమును వెలుతురులో ఏటవాలుగా పట్టి చూచినచో అదియే ఒక ఉబ్బెత్తు శిల్పము. ముందు చెక్కి, చెక్కిన దానినుండి రంగు ఎచ్చట పుట్టవలెనో నిర్ణయించినవాడు చిత్రకారుడగునా, శిల్పియగునా? పాఠకులే తీర్పు చెప్పవలెను. నా తీర్పు ముందే చెప్పితిని.

1963 నాటి ఆయన ‘సుడిగుండము’ను తీసికొనుడు. నడుమ ఒక బిందువు చుట్టు నీరు చుట్టలు చుట్టలుగా తిరుగుచు, అంచులకు వచ్చుసరికి సన్నని వలవలె విచ్చుకొనిపోవును. నీలిమ ఎచ్చట ముగిసి ఆకుపచ్చదనము ఎచ్చట మొదలైనదో వ్రేలు పెట్టి చూపలేము. వానకాలమున కుందూ వరద వంతెన కంబముల దగ్గర సుడి తిరుగుటను గట్టున నిలిచి చూచినవారికి ఈ చిత్రము భాష్యము లేకయే బోధపడును. అదే సంవత్సరమునాటిది ‘తరంగము’. తొలినాళ్ల కీటకములు, చేపలు, పూలు మొదలుకొని ఈ నీటి చిత్రములవరకు అన్నిటను ఒక్కటే ప్రశ్న: కదలికకు ఎముక ఎచ్చటనున్నది? రాయి చెక్కినవానికే ఈ ప్రశ్న పుట్టును.

1968 మే నెలలో పారిసు విద్యార్థులు వీధులకెక్కి ఆ రాజ్యమును గడగడలాడించినపుడు ఆయన ఆ నగరముననే యుండెను. ఆ సంవత్సరపు ‘ప్రదర్శనకారులు’ అను చిత్రమున ముఖములు లేవు, నినాదఫలకములు లేవు. నిలువుగా లేచిన మానవాకృతులు ఒకదానినొకటి ఒరసికొని, ఒక అడవివలె నిలిచియుండును. సంతాలు కుటుంబము ముందునుండి నడచిపోయిన బాలుని కన్ను సుమారు పాతికేండ్ల తరువాత మఱల తెఱచుకొన్నట్లు నాకు తోచును. పిమ్మట ఇంట ఒక ఆడబిడ్డ పుట్టగా, ఆ పసిపాప ప్రాకుట కూడ 1975లో చిత్రమయ్యెను. ఆ బిడ్డతో సర్కసు చూచుట మూలమున విదూషకుని చిత్రములు బయలుదేరి, 1980లలో ‘మహావిదూషకుడు’గా పరిణమించినవి. నవ్వించువాని దేహము వలయములుగా చీలిపోవుచున్నట్లున్న ఆ చిత్రమును ఒకే ఫలకమునుండి పలువిధములైన రంగులతో అచ్చువేసెను. ఒకదానిలో సంబరముగా నున్నది వేఱొకదానిలో శోకముగా నుండును.

రాతిని ఆయన విడువలేదని చెప్పుటకు వేఱు సాక్ష్యము కెనడాలో నున్నది. 1959లో కార్ల్ ప్రాంటల్ అను ఆస్ట్రియా శిల్పి సెయింట్ మార్గరెటెన్ అను గ్రామపు రాతిగనిలోనికే నానాదేశపు శిల్పులను పిలిచి, గదులు విడిచి గనియందే పనిచేయుడని ఒక క్రొత్త సంప్రదాయమునకు నాంది పలికెను. ఆ ఒరవడిలో ఉత్తర అమెరికా ఖండమున తొలిసారిగా 1964లో మాంట్రియల్ నగరపు మౌంట్ రాయల్ కొండపై అంతర్జాతీయ శిల్పుల సమావేశము జరుగగా, భారతదేశము పక్షమున కృష్ణారెడ్డియు, అమెరికా పక్షమున ఆయన ధర్మపత్ని, శిల్పియు నైన షెర్లీ విటెబ్‌స్కీయు పాల్గొని, చెరియొక శిల్పమును చెక్కిరి. మన సీమవాని ఉలిదెబ్బ తిన్న ఆ రాయి నేటికిని ఏటేట మంచులో మునిగి, వేసవిలో బయటపడుచు ఆ కొండమీదనే యున్నది.

మిగిలిన జీవితచరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1964 నుండి 1976 వరకు హేటర్‌తో కలిసి అతెలియే 17నకు సహసంచాలకుడు, 1972లో పద్మశ్రీ, 1976లో న్యూయార్కునకు తరలి, ఆ నగర విశ్వవిద్యాలయమున ముద్రణకళాశాఖకు అధిపతి. 1988లో తన విధానమునంతయు ఒక గ్రంథముగా వెలువరించెను. దానియందు రంగుల సంగతికన్న పదార్థముల స్వభావమును గూర్చిన చర్చయే మిక్కుటము. విద్యను దాచుకొనుట ఆయన ఎఱుగడు. దేశదేశములు తిరిగి శిక్షణశిబిరములు నడపి, మన దేశమునకును పలుమార్లు వచ్చి నేర్పెను. అలీగఢ్ ఆడపడుచు జరీనా హాష్మీ పారిసున ఆ కర్మశాలలోనే విద్య నేర్చి జగద్విఖ్యాత యయ్యెను; 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల చిత్రములను ఒకచోట చేర్చి ప్రదర్శించెను. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2011లో ఆయన జీవితకృషికి విస్తృతప్రదర్శనము నేర్పాటుచేసినది. 2018 ఆగష్టు 22న, 93 ఏండ్ల వయస్సున, ఆయన న్యూయార్కున కన్నుమూసెను.

ఇట్టివాడు మన సీమయందు పుట్టెనని మన పిల్లలకు తెలియదు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు, మనము చెప్పలేదు కనుక. కోయిలకుంట్ల యనగానే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి బలిదానము తలచుకొందుము, అది తగినదే. కాని కత్తి పట్టినవానిని తలచుకొను నోటితోనే ఉలి పట్టినవానిని కూడ తలచుకొనుటకు మనకు అడ్డమేమున్నది? ఆళ్లగడ్డ మనకు కూతవేటు దూరము. అచ్చట ఉలి పట్టు చేతులున్నవి, ఇచ్చట రాయి యున్నది. గనులయొద్ద పగిలి, కొలతకు రాక, అమ్ముడుపోని బండముక్కలు గుట్టలుగుట్టలుగా పడియున్నవి; వానిపై తుమ్మచెట్లు మొలచుచున్నవి.

కనుక గనుల యజమానులకు ఈ ధారావాహిక పక్షమున ఒక విన్నపము. ఏటా వేసవికి ముందు ఒక్క ట్రాక్టరు పగిలిన బండలను మీ ఊరి ఉన్నతపాఠశాల ఆవరణమున దింపింపుడు; ఆళ్లగడ్డనుండి ఒక శిల్పిని పదిదినములు పిలిపించి, ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలబాలికలచేత ఉలి పట్టింపుడు. దేవుని బొమ్మయే చెక్కవలెనని వారిని నిర్బంధింపవలదు. కుందూ సుడి చెక్కినను, మొలకెత్తు శనగగింజ చెక్కినను చెక్కనిండు. ఈ పనికి ముందునకు వచ్చువారు పత్రికకు ఒక ఉత్తరము వ్రాసినచో, శిల్పులతో మాటలాడి కుదుర్చు భారము నేను వహింతును.

(సశేషము)